పాంపే ఇంటి గోడ: బొమ్మ యజమానిది, రాత ఎవరిది?

వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బూడిద కింద పూడిపోయిన రోమన్ నగరం పాంపే. అక్కడ వెట్టియస్‌ల ఇల్లు అని పిలిచే ఇంట్లోకి వెళ్ళే దారిలోనే గోడ మీద ప్రయాపస్ దేవుడు కనిపిస్తాడు. తోటలను, పంటను కాపాడే దేవుడాయన. తన భారీ పురుషాంగాన్ని త్రాసులో ఒక వైపు, డబ్బు సంచిని ఇంకో వైపు పెట్టి తూస్తుంటాడు. కాళ్ళ దగ్గర నిండు పండ్ల బుట్ట. ఈ ఇంటికి సిరి ఉంది, వచ్చేవాళ్ళ దిష్టి దానికి తగలదు అని చెప్పే బొమ్మ అది. ఇల్లు చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు ఆగేది అక్కడే.

అదే ప్రవేశద్వారం గోడ మీద సన్నటి మొనతో గీకిన చిన్న రాత ఒకటి దొరికింది. "యూటికిస్, గ్రీకు మనిషి, రెండు ఆస్‌లు, మంచి నడవడిక" అని దాని సారాంశం. ఆస్ అంటే రోమన్ల చిల్లర నాణెం. ఒక స్త్రీ పేరు, ఆమె జాతి, ఆమె ధర, ఆమె గుణం అన్నీ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. దాన్ని చూడటానికి ఎవరూ ఆగరు. అది అక్కడ ఉందనే చాలామందికి తెలియదు.

ఈ బొమ్మను, ఈ రాతను చాలాకాలం వేర్వేరు మనుషులు చదివారు. బొమ్మ కళాచరిత్రకారుల వాటాకు వెళ్ళింది, రాత శాసనాలు చదివే పండితుల వాటాకు వెళ్ళింది. ఒకరి పుస్తకంలో రంగుల ప్లేట్లు, ఇంకొకరి పుస్తకంలో నంబర్లు వేసిన లాటిన్ ముక్కలు. కానీ ఆ ఇంట్లో బతికినవాళ్ళకు అది ఒకే గోడ. యజమాని డబ్బు పెట్టి వేయించిన బొమ్మ పక్కనే, యజమాని అడగని మాటలు కూడా ఉన్నాయి. రెంటినీ కలిపి చదవకపోతే ఆ ఇల్లు సగమే అర్థమవుతుంది.

ముందు ఆ గోడ ఎలా తయారయ్యేదో చూడాలి. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు వాస్తుశిల్పి విట్రూవియస్ మంచి గోడకు ఏం కావాలో రాసిపెట్టాడు. మొదట మోటు పూత, దానిపైన ఇసుక కలిపిన సున్నం మూడు పూతలు, ఆపైన పాలరాతి పొడి కలిపిన సున్నం మరో మూడు పూతలు. పాంపే ఇళ్ళలో ఇన్ని పూతలు వేసినవి తక్కువే, కానీ పద్ధతి అదే. పై పూత తడిగా ఉండగానే రంగు వేస్తారు. ఆరేటప్పుడు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిలా గట్టిపడుతుంది, రంగు ఆ పొరలో ఇరుక్కుపోతుంది. రెండువేల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఎరుపు ఎరుపుగా ఉండటానికి కారణం ఇదే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇలా నునుపు చేసిన గోడ రాయడానికి పలక కన్నా బాగుంటుంది. మైనపు పలక మీద రాసుకునే ఇనప మొనతో దాని మీద గీకితే, రంగు పొర చీలి కింద ఉన్న తెల్లటి సున్నం గీతలా బయటపడుతుంది.

రంగుల్లోనూ పెద్ద చిన్న ఉండేవి. గైరికం అనే ఎర్రమట్టి, సున్నం, మసి చవక. ఇంగిలీకం అనే మెరిసే ఎరుపు రంగు స్పెయిన్ గనుల నుంచి వచ్చేది. పౌనుకు 70 సెస్టర్స్ (రోమన్ నాణేలు) మించి అమ్మకూడదని చట్టం ఉండేదని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. ఇలాంటి ఖరీదైన రంగులను పనివాళ్ళ లెక్కలో కలపకుండా యజమానే తెచ్చి ఇచ్చేవాడు. పైగా ఎండ తగిలితే ఇంగిలీకం నల్లబడుతుంది. ఫబేరియస్ అనే గుమాస్తా రోమ్‌లోని తన ఇంటి పెరిస్టైల్ గోడలన్నీ ఇంగిలీకంతో వేయిస్తే నెల తిరక్కుండానే మచ్చలు పడి, మళ్ళీ వేరే రంగులు వేయించుకోవాల్సి వచ్చిందని విట్రూవియస్ చెప్పాడు. పెరిస్టైల్ అంటే చుట్టూ స్తంభాల వరండా, మధ్యలో తోట ఉండే భాగం. ఇంగిలీకపు గోడ చూపించడమంటే "నాకు ఇంత ఉంది" అని నోరు విప్పకుండా చెప్పడమే.

పనివాళ్ళలోనూ అంతే. గోడంతా రంగు పరిచి, గీతలు, పూలదండలు, స్తంభాల బొమ్మలు వేసేవాళ్ళు వేరు, మధ్యలో పురాణ కథ బొమ్మ వేసేవాడు వేరు. క్రీ.శ. 301లో డయొక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనంలో మొదటివాడికి రోజుకు 75 డెనారియస్ నాణేలు, రెండోవాడికి 150. ఇది పాంపే తర్వాత రెండు వందల ఏళ్ళకు పైబడిన లెక్క, అయినా పని విభజన పాంపేలోనూ కనిపిస్తుంది. అక్కడ పనిలో ఉన్న చిత్రకారుల ఇల్లు అని పేరుపడ్డ ఇంట్లో, వెసూవియస్ పేలిన రోజు సగంలో వదిలేసిన గోడ ఉంది. చుట్టూ రంగు పూర్తయింది, మధ్య బొమ్మ ఇంకా గీతల దశలోనే ఉంది. రంగు గిన్నెలు అక్కడే దొరికాయి.

ఇప్పుడు వెట్టియస్‌ల ఇంటికి తిరిగి వద్దాం. ఈ ఇల్లు ఎవరిదో తెలిసింది ఏట్రియంలో, అంటే ముందు హాల్లో దొరికిన రెండు కంచు ముద్రల వల్ల. ఔలస్ వెట్టియస్ కన్వివా, ఔలస్ వెట్టియస్ రెస్టిట్యూటస్ అని ఆ పేర్లు. కన్వివా ఆగస్టాలిస్ అనే పదవిలో ఉన్నాడు. చక్రవర్తి ఆరాధనకు సంబంధించిన ఈ పదవి ఎక్కువగా విడుదల పొందిన బానిసలకు దక్కేది. కాబట్టి ఇద్దరూ ఒకప్పుడు బానిసలేనని, ఒకే యజమాని దగ్గర విడుదలై ఆయన ఇంటిపేరు పెట్టుకున్నారని చాలామంది పండితుల అభిప్రాయం. ఏట్రియంలో రెండు పెద్ద ఇనప్పెట్టెలు వచ్చినవాళ్ళందరి కంటా పడేలా ఉంచారు.

దానికి తగ్గట్టే గోడలు ఉన్నాయి. తోటవైపు తెరుచుకునే ఒక గదిలో మూడు పురాణ దృశ్యాలున్నాయి: పసివాడైన హెర్క్యులస్ రెండు పాముల గొంతు నులమడం, ద్రాక్షసారా దేవుడు డయొనైసస్‌ను కాదన్న పెంథియస్ రాజును ఆయన భక్తురాళ్ళు చీల్చి చంపడం, డిర్సీ రాణిని అడవి ఎద్దుకు కట్టడం. మూడూ థీబ్స్ నగరపు కథలే. మరో గదిలో పసిఫే రాణికి శిల్పి డెడాలస్ చెక్క ఆవును చూపించడం, హీరా దేవి మీద కన్నేసిన ఇక్సియాన్‌ను చక్రానికి కట్టడం, నిద్రపోతున్న అరియాడ్నీని డయొనైసస్ కనుగొనడం ఉన్నాయి. భోజనానికి వచ్చిన అతిథి పడక మీద ఒరిగి వీటిని చూస్తాడు. కథ తెలిసినవాడు మిగతావాళ్ళకు చెబుతాడు. తెలియనివాడు తల ఊపుతాడు. గ్రీకు పురాణం తెలుసుననడం రోమన్ పెద్దమనుషులకు పరువు. కొత్తగా స్వేచ్ఛ పొందినవాళ్ళు ఆ పరువును గోడల మీద పరిచారు.

దీన్ని చూసి "కొత్త డబ్బు ఆర్భాటం" అని తీసిపారేసే అలవాటు ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాల్లో బాగా ఉంది. అది న్యాయం కాదు. ఆ ఊళ్ళో పుట్టుకతో పెద్దమనుషులైనవాళ్ళ ఇళ్ళలోనూ ఇవే కథలు, ఇవే రంగులు, ఇవే పనివాళ్ళ చేతులు. ఇంట్లోకి ఎవరు వచ్చినా ఏం చూడాలో నిర్ణయించుకునే హక్కు జీవితంలో ఒక దశ వరకూ లేని మనుషులు, ఆ హక్కు దొరగ్గానే గట్టిగా వాడుకున్నారు. అందులో ఎగతాళి చేయడానికేమీ లేదు.

అన్నిటికన్నా మంచి గది అతి పెద్ద భోజనశాల. ఎర్రటి గోడల కింది భాగంలో నల్లటి పట్టీ మీద రెక్కలున్న చిన్నపిల్లలు, అంటే క్యూపిడ్‌లు వరసగా పనులు చేస్తుంటారు. కొందరు నూనె గానుగ ఆడి అత్తరు తయారుచేసి అమ్ముతుంటారు. కొందరు బంగారం పని చేస్తుంటారు, కొందరు బట్టలు ఉతికి ఆరేస్తుంటారు, కొందరు పూలదండలు కట్టి అమ్ముతుంటారు, కొందరు ద్రాక్షసారా రుచి చూపిస్తుంటారు. ఇంత చక్కటి పనితనం పాంపేలో తక్కువ చోట్ల కనిపిస్తుంది. పనిముట్లు, కొలిమి, సీసాల బీరువా ఎంత వివరంగా ఉంటాయంటే, రోమన్ల అత్తరు తయారీ గురించి చెప్పేవాళ్ళంతా ఈ గోడ దగ్గరికి వస్తారు. అయితే ఈ బొమ్మల్లో ఎవరికీ చెమట పట్టదు, ఎవరూ అలసిపోరు.

అసలు పని జరిగేది ఇంటి ఇంకో మూల, చిన్న ఏట్రియం పక్కన. వంటగదిలో పొయ్యి మీద కంచు పాత్రలు వదిలినవి వదిలినట్టే దొరికాయి. అక్కడ గోడలకు ఇంగిలీకం లేదు, థీబ్స్ లేదు. ఆ వైపు ఉన్న మంచి బొమ్మ లారారియం ఒక్కటే. ఇంటి దేవతల గూడు అది. ఇంటిపెద్ద ఆత్మశక్తికి ప్రతీక అయిన పురుషుడు మధ్యలో, రెండు పక్కలా నాట్యం చేస్తున్న లారెస్ దేవతలు, కింద బలిపీఠం వైపు పాకుతున్న పాము. వంటగది పక్కన ఒక చిన్న గదిలో మాత్రం గోడల మీద సంభోగ దృశ్యాలున్నాయి. ఆ గదికి, గుమ్మం దగ్గరి యూటికిస్ రాతకు సంబంధం ఉందని కొందరు అంటారు. ఆమె ఆ ఇంటి బానిసే అయి ఉండవచ్చని, ఆమె శరీరాన్ని ఆ గదిలో అమ్మేవాళ్ళని వాళ్ళ ఊహ. ఇంకొందరు ఆ రాత పగతో ఎవరో గీకిన తిట్టు కావచ్చంటారు.

ఏ ఊహ నిజమైనా, రెండు ఆస్‌లు అంటే ఎంతో తెలిసిన లెక్కే. పాంపేలోనే ఒక సారా కొట్టు గోడ మీద ధరల పట్టిక ఉంది: ఒక ఆస్‌కు మామూలు సారా, రెండుకు కొంచెం మేలురకం, నాలుగు ఇస్తే ఫలేర్నియన్ సారా. యూటికిస్‌కు కట్టిన ధర ఒక గిన్నెడు మధ్యరకం సారా. భోజనశాలలో రెక్కలు తొడుక్కుని ఆడుకుంటున్నట్టు కనిపించిన శ్రమ, గుమ్మం దగ్గర పేరు, ధర తగిలించుకుని నిలబడింది. క్యూపిడ్‌ల పట్టీ గురించి రాసే ప్రతి పుస్తకమూ ఈ గీతను కూడా చూపించాలి. లేకపోతే యజమాని ఏం చూడమన్నాడో అదే చూసి వచ్చినట్టు అవుతుంది.

మరి ఇంటి గోడ మీద ఇలా గీకితే యజమాని ఊరుకునేవాడా? ఈ రోజుల్లో గోడ మీద రాత అంటే పాడుచేయడమే. రోమన్ ఇంట్లో అలా అనుకున్నట్టు కనిపించదు. పాంపేలో నమోదైన గోడ రాతలు 11 వేలకు పైనే. అందులో వీధి గోడల మీద కుంచెతో రాసిన ఎన్నికల ప్రచారం ఒక పెద్ద భాగం. ఇళ్ళలోపల గీకినవి కూడా వేలల్లో ఉన్నాయి. అవి ఏదో చీకటి మూల కాకుండా, అందరూ తిరిగే చోట, బొమ్మలు వేయించిన మంచి గదుల్లో, పెరిస్టైల్ స్తంభాల మీద ఎక్కువ.

ఊరికి పడమటి అంచున, సముద్రం వైపు వాలులో అంతస్తులుగా కట్టిన మైయస్ కాస్ట్రిసియస్ ఇంటిని రెబెకా బెనెఫీల్ అనే పరిశోధకురాలు ఈ దృష్టితో చదివారు. ఆ ఒక్క ఇంట్లో 85 గీకుడు రాతలు లెక్కకొచ్చాయి. పేర్లున్నాయి, పలకరింపులున్నాయి, పద్యపాదాలున్నాయి, చిన్న బొమ్మలున్నాయి. ఒకరు రాసిన దాని కింద ఇంకొకరు జవాబు రాశారు. ఒకరు పద్యం రాస్తే పక్కవాడు మరో పద్యం రాశాడు. మెట్ల దగ్గర, అంటే మనుషులు ఎక్కుతూ దిగుతూ ఎదురుపడే చోట, ఈ మాటామంతీ గుంపుగా ఉంది. అక్షరాలు చాలావరకూ చిన్నవి, దగ్గరికి వచ్చి నిలబడితేనే కనిపిస్తాయి. మధ్యలోని పురాణ బొమ్మ జోలికి పోకుండా చుట్టూ ఉన్న ఖాళీ రంగు మీద రాశారు. ఇది ఆ ఇంటికే పరిమితం కాదు, పాంపేలో సాధారణంగా కనిపించే మర్యాద. రాసినవాళ్ళకు బొమ్మ విలువ తెలుసు. దాన్ని చూస్తూ నిలబడే రాశారు.

అసలు ఎవరు రాశారన్నది కష్టమైన ప్రశ్న. అక్షరం వచ్చినవాళ్ళు ఆ సమాజంలో కొద్దిమందేనని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. అది నిజమే కావచ్చు, కానీ ఆ కొద్దిమందిలో బానిసలు గణనీయంగా ఉన్నారు. లెక్కలు రాసేది, ఉత్తరాలు చదివేది, పిల్లలకు పాఠం చెప్పేది చాలా ఇళ్ళలో బానిసలే. గోడల మీది పేర్లలో గ్రీకు పేర్లు, బానిసలకు పెట్టే పేర్లు తరచుగా వస్తాయి. బొమ్మ వేయించే స్తోమత లేనివాళ్ళకు ఒక ఇనప మొన చాలు.

కొన్నిచోట్ల ఆ మొన చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. మార్కస్ లుక్రీషియస్ ఇంటి పెరిస్టైల్ స్తంభం మీద ఎవరో చతురస్రాకారంలో చిక్కుదారి గీసి, పక్కన "చిక్కుదారి. ఇక్కడ మినోటార్ ఉంటాడు" అని రాశారు. మినోటార్ ఎద్దు తల ఉన్న రాక్షసుడు, క్రీట్ ద్వీపంలో చిక్కుదారి మధ్యలో ఉంటాడని కథ. ఇంట్లో ఆ పేరుకు తగినవాడు ఎవరై ఉంటారో రాసినవాళ్ళకు తెలిసే ఉంటుంది. పురాణాన్ని కుంచెతో వేయించినవాళ్ళకు ఎంత తెలుసో, మొనతో గీసినవాళ్ళకూ అంత తెలుసు.

ఇంకా గట్టి ఉదాహరణ అబొండాంజా వీధిలో ఫేబియస్ ఉలులిట్రెములస్ ఇంటి ముందు గోడ. దాని మీద ఒక పక్క ట్రాయ్ తగలబడుతుంటే ముసలి తండ్రిని భుజాన వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్తున్న ఈనియస్, అంటే రోమన్లు తమ మూలపురుషుడిగా చెప్పుకునే వీరుడు, ఇంకో పక్క శత్రురాజును చంపి ఆయుధాలు మోసుకొస్తున్న రోమ్ స్థాపకుడు రోములస్. రెండూ రోమ్ నగరంలో చక్రవర్తి ఆగస్టస్ కట్టించిన చౌకులోని విగ్రహాల నమూనాలు. అంటే సాక్షాత్తూ ప్రభుత్వ చిత్రం. వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యం "ఆయుధాలను, వీరుణ్ణి గానం చేస్తాను" అని మొదలవుతుంది. పాంపేలో పిల్లలకు కూడా నోటికొచ్చిన వాక్యం అది. ఈ గోడ మీద ఆ బొమ్మల దగ్గరే ఒకరు అదే ఛందస్సులో ఇలా గీకారు: "నేను గానం చేసేది చలువ పనివాళ్ళను, గుడ్లగూబను. ఆయుధాలనూ వీరుణ్ణీ కాదు." బట్టలు ఉతికి చలువ చేసేవాళ్ళకు ఇష్టదేవత మినర్వా, ఆమె పక్షి గుడ్లగూబ. బొమ్మ లేకపోతే ఈ వాక్యానికి బలం లేదు. వాక్యాన్ని వదిలేస్తే ఆ బొమ్మను ఊళ్ళోవాళ్ళు ఎలా చూశారో తెలిసే దారి లేదు. రాజ్యం చెప్పిన పెద్ద కథ ముందు నిలబడి ఒక పనివాడు, లేదా పనివాళ్ళ పక్షాన ఇంకొకడు, మా కథ వేరే ఉంది అని ఛందస్సు తప్పకుండా చెప్పాడు.

యజమానులు కూడా అక్షరాలు వాడారు. నైతికవాది ఇల్లు అని ఇప్పుడు పిలిచే ఇంట్లో, తోటవైపు ఉన్న వేసవి భోజనశాల నల్లటి గోడల మీద తెల్లటి అక్షరాలతో మూడు ద్విపదలు రాయించారు. నీళ్ళతో కాళ్ళు కడిగించుకో, కుర్రాడు తడి తుడుస్తాడు, పడక మీద గుడ్డ పరుచుకో, మా దుప్పట్లు జాగ్రత్త అని మొదటిది. ఇంకొకరి భార్య మీద కొంటెచూపులు వేయకు, మాటలో సిగ్గు ఉంచుకో అని రెండోది. మూడోది కొంచెం చెరిగింది, మిగిలినంత వరకూ గొడవలు వాయిదా వెయ్యి, వల్ల కాకపోతే మీ ఇంటికి నడు అని. ఆ మూడు గోడల మధ్య పడకల మీద ఒరిగినవాళ్ళందరికీ ఏదో ఒక ద్విపద కళ్ళెదురుగా ఉంటుంది. భోజనాల దగ్గర ఏమేం జరిగేవో ఇంతకన్నా తేటగా చెప్పిన సాక్ష్యం దొరకడం కష్టం.

యూలియస్ పాలీబియస్ ఇంట్లో లారారియం దగ్గర గీకిన మొక్కు ఒకటి ఉంది. గైయస్ యూలియస్ ఫిలిప్పస్ క్షేమంగా, గెలిచి తిరిగి రావాలని పబ్లియస్ కొర్నీలియస్ ఫీలిక్స్, కుస్పియస్ దగ్గరి వైటాలిస్ ఇక్కడ లారెస్ దేవతలకు మొక్కుకున్నారు అని. ఫిలిప్పస్ ఎక్కడికి వెళ్ళాడో, ఏం గెలవాలో రాయలేదు. మొక్కుకున్నవాళ్ళు ఆ ఇంటిపేరు వాళ్ళు కారు, అయినా ఆ ఇంటి దేవతల ముందే మొక్కారు. ఇంటి దేవతల గోడ ఆ ఇంటి నెత్తురుకు మాత్రమే చెందదని ఈ ఒక్క గీతే చెబుతుంది.

ఇంట్లో ఎన్నికల రాత దొరకడం ఇంకో ఆశ్చర్యం. వీధి గోడల మీద ఎన్నికల రాతలు పాంపేలో ఎటు చూసినా ఉంటాయి. సున్నం కొట్టి చదును చేసుకున్న జాగా మీద ఎర్రటి, నల్లటి పెద్ద అక్షరాలు, ఫలానావాడికి ఓటెయ్యండి అని ఎవరి పేరున రాయించారో ఆ పేరు. పోలింగ్ నాటికి మన ఊళ్ళల్లో పార్టీవాళ్ళు బుక్ చేసుకున్న గోడల్లాగే ఉంటాయవి. ఎమిలియస్ కెలెర్ అనే రాతగాడు ఒకచోట "ఒంటరిగా, వెన్నెల్లో రాశాను" అని సంతకం పెట్టుకున్నాడు. ఇవన్నీ బయటి గోడలు. కానీ తవ్వకందారులు పాంపేను విభజించుకున్న లెక్కలో తొమ్మిదో ప్రాంతం పదో బ్లాకులో జరిగిన తవ్వకాల్లో, లారారియం ఉన్న గదిలో, ఇంటి లోపలి గోడ మీద ఔలస్ రుస్టియస్ వెరస్‌ను ఈడైల్‌గా ఎన్నుకోమని కోరే రాత దొరికిందని 2023లో ప్రకటించారు. ఈడైల్ అంటే వీధులు, మార్కెట్లు చూసుకునే నగర అధికారి. ఆ ఇంట్లో పెద్ద రొట్టెల బట్టీ ఉంది. అక్కడి తిరగలి రాయి మీద ఏ, ఆర్, వి అనే పొడి అక్షరాలున్నాయి, అంటే అభ్యర్థి పేరులోని మొదటి అక్షరాలే. అభ్యర్థులు, వాళ్ళ మద్దతుదారులు ఇళ్ళలో విందులిచ్చి ఓట్లు అడిగేవాళ్ళు కాబట్టి రాత లోపల ఉందని ఒక వివరణ. రొట్టెల వ్యాపారం, ఓట్లు, దేవుడి గది ఒకే కప్పు కింద ఉన్నాయి. అదే ఇంటి మరో గోడ మీద వెండి పళ్ళెంలో సారా గిన్నె, గుండ్రటి రొట్టె మీద పండ్లు ఉన్న బొమ్మ దొరికితే, ప్రపంచమంతా దాన్ని పిజ్జా బొమ్మ అని పంచుకుంది. ఓట్ల రాతకు అంత ప్రచారం రాలేదు. బట్టీలో కిటికీలకు కమ్ములు బిగించి ఉన్నాయి, గాడిదలతో పాటు బానిసలు అక్కడ తిరగలి తిప్పేవాళ్ళు. పండ్లు పరిచిన ఆ రొట్టె బొమ్మ పక్కన ఈ సంగతి కూడా చెప్పాలి.

ఒక్కోసారి చిన్న బొగ్గు గీత పెద్ద నమ్మకాన్నే కదిలిస్తుంది. వెసూవియస్ పేలింది క్రీ.శ. 79 ఆగస్టు 24న అని, పెద్ద ప్లినీ మేనల్లుడు చిన్న ప్లినీ రాసిన ఉత్తరాల రాతప్రతుల ఆధారంగా తరాల తరబడి చెప్పుకున్నారు. శరత్కాలపు పండ్లు, కుంపట్లు దొరకడం వల్ల కొందరికి ముందు నుంచే అనుమానం ఉంది. 2018లో ఐదో ప్రాంతంలోని తోట ఉన్న ఇంట్లో, మరమ్మతులు జరుగుతున్న గది గోడ మీద అక్టోబర్ 17కు సరిపోయే తేదీతో బొగ్గు రాత దొరికింది. మిగతా మాటలను ఎలా చదవాలన్న దాని మీద ఇంకా వాదన ఉంది. ఎవరో అతిగా తిన్నారని ఒక పాఠం, కొట్టు గది నుంచి ఏదో తీశారని ఇంకో పాఠం. ఏడాది పేరు రాయలేదు. బొగ్గు త్వరగా చెరిగిపోతుంది కాబట్టి అది ఆ ఏడాదిదే అని అప్పటి పాంపే డైరెక్టర్ మాసిమో ఒసాన్నా వాదించారు. లోపలి గోడ మీద బొగ్గు అంతకన్నా ఎక్కువకాలం నిలవగలదని, పాత ఏడాదిది కూడా కావచ్చని వ్యతిరేకులు అంటారు. వాదన తేలకపోయినా, ఒక పనివాడి గోడ రాతను చిన్న ప్లినీ ఉత్తరానికి ఎదురుగా నిలబెట్టి చర్చించడం మొదలైంది. అది మంచి మార్పు.

ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది, దాని వెల భారీగా ఉంది. 1748లో నేపుల్స్‌ను పాలించిన బూర్బన్ రాజుల కాలంలో పాంపే తవ్వకాలు మొదలైనప్పుడు వాళ్ళకు కావలసింది రాజు సేకరణకు పనికొచ్చే వస్తువులు. నచ్చిన బొమ్మ చుట్టూ గోడను కోసి, చట్రంలో బిగించి పోర్టిచి రాజభవనానికి, తర్వాత నేపుల్స్ మ్యూజియానికి తరలించారు. నచ్చనివాటిని వదిలేశారు, కొన్నిసార్లు పగలగొట్టారు కూడా. గీకుడు రాతలు సరిగ్గా ఆ చుట్టూ ఉన్న ఖాళీ రంగు మీదే ఉండేవి. బొమ్మ మ్యూజియంలో బతికింది, చుట్టూ ఉన్న మాట వానకు, ఎండకు పొడై రాలిపోయింది. ఏ బొమ్మ దగ్గర ఎవరు ఏం రాశారో చాలా ఇళ్ళ విషయంలో ఇక చెప్పలేం. 1871లో కార్ల్ జాంగెమైస్టర్ సంపాదకత్వంలో లాటిన్ శాసనాల సంపుటం వచ్చాక రాతలు ఒకచోట చేరాయి. ఇప్పుడు గోడ మీద లేని చాలా రాతలకు ఆ పుటలే ఆధారం. అయితే అందులో రాతలున్నాయి గానీ, వాటి పక్కన ఏ రంగు ఉందో, ఏ బొమ్మ ఉందో వివరంగా లేదు.

వెట్టియస్‌ల ఇంటికి మాత్రం వేరే అదృష్టం పట్టింది. 1894, 1895 సంవత్సరాల్లో దాన్ని తవ్వినప్పుడు బొమ్మలను కోయకుండా గోడల మీదే ఉంచి, పైకప్పు మళ్ళీ కట్టారు. అందుకే క్యూపిడ్‌లు, లారారియం, వంటగది, గుమ్మం ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో ఇవాళ నడిచి చూడవచ్చు. దాదాపు ఇరవై ఏళ్ళ పాటు మూసి ఉంచి బాగుచేసిన తర్వాత 2023 జనవరిలో దాన్ని పూర్తిగా తెరిచారు. యూటికిస్ గురించి కూడా ఆ సందర్భంలో బయట కొంత మాట్లాడారు.

పాంపేలో మూడో వంతు ఇంకా మట్టి కిందే ఉంది. 2024లో తొమ్మిదో ప్రాంతంలోనే నల్లటి గోడల పెద్ద భోజనశాల బయటపడింది. ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్, పారిస్ మొదటిసారి కలుసుకునే దృశ్యంలో ఇద్దరి మధ్య గ్రీకు అక్షరాల్లో "అలెక్సాండ్రోస్" అని పారిస్‌కున్న ఇంకో పేరు రాసి ఉంది. దీపాల మసి కనిపించకుండా గోడలు నల్లగా ఉంచారని తవ్వకందారులు అంటున్నారు. అదే ఏడాది ప్రేమికుల బ్లాకుగా పేరున్న చోట ఒక ప్రాంగణం గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసిన బొమ్మలు దొరికాయి: గ్లాడియేటర్లు, జంతువులతో పోరాడేవాళ్ళు, అడవిపంది, గోడకు ఆనించి చుట్టూ గీసిన చిన్న చెయ్యి. చిన్నవయసు పిల్లలు గీసి ఉంటారని మనస్తత్వ నిపుణులతో కలిసి పరిశీలించి అంచనా వేశారు. వేరే బొమ్మలు చూసి కాకుండా ఆంఫిథియేటర్‌లో, అంటే పోరాటాల గోదాలో, చంపుకోవడం కళ్ళారా చూసిన పిల్లల గీతలని కూడా వాళ్ళ అభిప్రాయం. పద్దెనిమిదో శతాబ్దపు పనివాడి చేతిలో పడి ఉంటే ఆ గోడ మీద కోయదగ్గది ఏమీ లేదని ముందుకు వెళ్ళిపోయేవాడు.